బోస్ గారి అయిదు మిల్లీమీటర్లు

జగదీశ్ చంద్ర బోస్ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది మొక్కలే. మొక్కలకి ప్రాణం ఉందని, గిల్లితే వాటికీ తెలుస్తుందని చూపించిన శాస్త్రవేత్త అని స్కూల్లో చదువుకున్నాం. పరీక్షలో బిట్ వస్తే ఒక మార్కు తెచ్చుకున్నాం, అంతే. ఇంజినీరింగ్‌కి వచ్చాక, ముఖ్యంగా మైక్రోవేవ్స్ సబ్జెక్ట్ మొదలయ్యాక, అదే పేరు ఇంకో దారిలో ఎదురొస్తుంది. ఇక వాట్సాప్‌లో అయితే చెప్పక్కర్లేదు. రేడియో కనిపెట్టింది ఆయనే, మార్కోనీ కొట్టేశాడు, చివరికి వైఫై కూడా మనవాడిదే అని ఆయన పుట్టినరోజు వచ్చిందంటే చాలు ఫార్వర్డ్‌లు మొదలవుతాయి.

ఆ ఫార్వర్డ్‌లు పంపేవాళ్ల అభిమానాన్ని నేను తప్పుపట్టను. కానీ వాటివల్ల ఆయనకి ఒక అన్యాయం జరుగుతోంది. ఒక పరుగుపందెంలో మోసపోయి ఓడిపోయిన మనిషిగా ఆయన్ని చూడటం మనకి అలవాటైపోయింది. అసలు ఆయన ఆ పందెంలో లేరు. ఆయన పట్టుకున్న అల వేరు, అడిగిన ప్రశ్న వేరు. హనుమకొండలో మా ఇంటి మెష్ నెట్‌వర్క్‌కి బ్యాండ్లు విడదీసి పెట్టే పని మీద పడ్డాక ఈ సంగతి నాకు ఇంకా బాగా అర్థమైంది. అందుకే ఆయన కథని ఆ వైపు నుంచి చెప్పాలనిపించింది.

బెంగాలీ బడి పిల్లాడు

బోస్ 1858 నవంబర్ 30న పుట్టారు. ఊరు మైమెన్‌సింగ్, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడిలో వేయడం అప్పటి పద్ధతి. ఆయన మాత్రం కొడుకుని బెంగాలీ బడిలో వేశారు. ముందు సొంత భాష, సొంత మనుషులు తెలియాలి, ఇంగ్లీషు తర్వాత నేర్చుకోవచ్చు అన్నది ఆయన ఆలోచన. ఆ బడిలో బోస్‌కి ఒకపక్క తండ్రి ఆఫీసు చప్రాసీ కొడుకు, ఇంకోపక్క చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి కూర్చునేవారు. పక్షుల గురించి, జంతువుల గురించి, నీళ్లలో బతికే జీవుల గురించి వాళ్లు చెప్పిన కబుర్ల వల్లే ప్రకృతి మీద తనకి ఆసక్తి పుట్టిందని బోస్ పెద్దయ్యాక ఒక సభలో గుర్తుచేసుకున్నారు.

మన క్లబ్బులో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటి సెమిస్టర్‌లో లెక్చర్ అర్థంకాక వెనక బెంచీలో బిక్కమొహం వేసుకుని కూర్చున్న రోజులు వాళ్లకి గుర్తుండే ఉంటాయి. ఈ భాగం నేను రాసింది వాళ్ల కోసమే.

తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరారు. అక్కడ ఫాదర్ లాఫాంట్ అనే ఫిజిక్స్ ఉపాధ్యాయుడు క్లాసులోనే ప్రయోగాలు చేసి చూపించేవారు. 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు గానీ జ్వరం పదేపదే తిరగబెట్టడంతో ఆ చదువు సాగలేదు. అక్కడి నుంచి కేంబ్రిడ్జ్‌కి మారి సైన్స్ చదివారు. అక్కడ ఆయనకి పాఠం చెప్పినవాళ్లలో లార్డ్ రేలీ ఒకరు. అవును, మన పుస్తకాల్లో రేలీ స్కాటరింగ్ అని కనిపించే ఆ రేలీయే. 

జీతం ముట్టని మూడేళ్లు

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు. అప్పటి లెక్క ప్రకారం యూరోపియన్‌కి ఇచ్చే జీతంలో భారతీయుడికి మూడింట రెండు వంతులే. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులో మళ్లీ సగం. అంటే అదే పని చేసే తెల్ల ప్రొఫెసర్ జీతంలో మూడో వంతు. ఆయన గొడవ పెట్టుకోలేదు, రాజీనామా ఇవ్వలేదు. రోజూ కాలేజీకి వెళ్లారు, పాఠాలు చెప్పారు, జీతం మాత్రం ముట్టలేదు. ఒక నెల కాదు, మూడేళ్లు.

ఇంటి పరిస్థితి బాగుండి చేసిన పని కాదది. తండ్రి మొదలుపెట్టిన వ్యాపారాలు దెబ్బతిని అప్పులు మీదపడ్డాయి. మధ్యలో 1887లో అబల గారితో పెళ్లయింది. ఆవిడ మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివిన మనిషి. కొత్త కాపురం, నెత్తిన అప్పులు, చేతిలో జీతం లేదు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ చేసి, చేరిన రోజు నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులు తీర్చడానికి ఉపయోగపడింది. 

అల ఎందుకు చిన్నదవ్వాలి?

36వ పుట్టినరోజు నాడు, అంటే 1894 నవంబర్‌లో, ఇక పరిశోధనలోకి దిగాలని ఆయన గట్టిగా నిర్ణయించుకున్నారు. కాలేజీలో చెప్పుకోదగ్గ ల్యాబ్ లేదు. స్నానాలగదిని ఆనుకుని ఉన్న 24 చదరపు అడుగుల చోటే ఆయన ప్రయోగశాల అయింది. మన హాస్టల్ మంచం పట్టేంత జాగా అనుకోండి. పరికరాలు చేసిపెట్టడానికి ఒక రేకుపని చేసే మేస్త్రీని పెట్టుకున్నారు. సైన్స్ పరికరాలు చేయడంలో అతనికి శిక్షణేమీ లేదు, బోస్ దగ్గరుండి నేర్పించారు.

అప్పటికి విషయం ఎంతవరకు వచ్చిందో చూద్దాం. విద్యుదయస్కాంత తరంగాలు ఉంటాయని, కాంతి కూడా అలాంటిదేనని మాక్స్‌వెల్ లెక్కల్లో చెప్పారు. 1887, 88 సంవత్సరాల్లో జర్మనీలో హెర్ట్జ్ వాటిని ప్రయోగంలో పుట్టించారు. కాంతిలాగే అవి పరావర్తనం చెందుతాయని, వంగుతాయని కూడా చూపించారు. చిక్కల్లా సైజుతోనే. ఆ ప్రయోగాల్లో హెర్ట్జ్ అలల పొడవు 66 సెంటీమీటర్లు. అల అంత పెద్దదైతే దాన్ని వంచే పట్టకం అంతకంటే పెద్దదై ఉండాలి. హెర్ట్జ్ వాడిన కీలు పట్టకం బరువు వందల కిలోలు. 1894 మొదటి రోజునే హెర్ట్జ్ చనిపోయారు, ఆయనకి నిండా 37 ఏళ్లు లేవు. ఆయన పని గురించి ఆలివర్ లాడ్జ్ రాసింది చదివి బోస్ ఇందులోకి వచ్చారు.

ఇక్కడ బోస్ వేసిన ఎత్తు చాలా సరళమైనది. పరికరం పెంచలేకపోతే అలని తగ్గించాలి. పోల్చుకోవడానికి మనకి తెలిసినవే తీసుకుందాం. మన అమ్మమ్మలు, తాతయ్యలు రేడియోలో విన్న ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్, ఆ అల పొడవు దాదాపు 406 మీటర్లు. మన రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ అల 12.5 సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అల 5, 6 సెంటీమీటర్లు. బోస్ పనిచేసింది 2.5 సెంటీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా. ఆ చివరి అల కందిగింజంత. దాన్ని ఇవాళ్టి లెక్కలోకి మారిస్తే 60 గిగాహెర్ట్జ్.

అల కందిగింజంత అయ్యేసరికి హెర్ట్జ్ గదినిండా పెట్టిన ప్రయోగం బల్ల మీదికి వచ్చేసింది. నిప్పురవ్వ పుట్టే భాగాన్ని లోహపు పెట్టెలో మూసేశారు, రిసీవర్ వైపు దొంగదారిన అలలు వెళ్లకుండా. అలలు ఒకే దిక్కుకి వెళ్లడానికి గొట్టం, వచ్చిన అలల్ని పోగుచేసి పట్టడానికి గరాటా. ఆ గొట్టాన్ని మనమిప్పుడు వేవ్‌గైడ్ అంటాం, గరాటాని హార్న్ యాంటెన్నా అంటాం. రెండు పట్టకాలని ఎదురెదురుగా పెట్టి, మధ్య గాలి సందుని పెంచుతూ తగ్గిస్తూ ఎంత అల దాటుతుందో కొలిచారు. జనపనారని మెలితిప్పి, దానిలోంచి అలని పంపితే ఆ అల పోలరైజేషన్ దిశ తిరగడం చూపించారు. మెలిక ఎటు తిప్పితే అటు తిరిగింది.

మన సాహితీమిత్రులకి నచ్చే ముక్క ఇంకొకటుంది. పోలరైజర్‌గా ఆయన ఒక పుస్తకం వాడారు. రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. తర్వాత రేకులు తీసేసినా ఉత్త పుస్తకమే ఆ పని కొంతవరకు చేస్తుందని చూపించారు. కాగితం, సన్నటి గాలిపొర, మళ్లీ కాగితం, ఆ వరసే చాలు. ఖరీదైన పరికరం దొరకని చోట పుస్తకం పరికరమైంది.

1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో బహిరంగ ప్రదర్శన ఇచ్చారు. మధ్యలో గోడలున్నాయి, బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ గారి భారీ శరీరం ఉంది. అవతలి గదిలో గంట మోగింది, తుపాకి మందు పేలింది. దూరం 75 అడుగులు. తీగ లేదు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇవే పరికరాలతో ఉపన్యాసమిచ్చారు. లార్డ్ కెల్విన్ లాంటి పెద్దలు ఆయన పనిని మెచ్చుకున్నారు.

ఇక మన ఇంటి సంగతి

బోస్ చేసిన ఎంపికే చిన్న స్థాయిలో మనం రౌటర్ సెట్టింగ్స్‌లో చేస్తుంటాం. మెష్ అంటే ఒకే రౌటర్ బదులు రెండు మూడు చిన్న పెట్టెలు ఇల్లంతా పంచుకుని పనిచేయడం. ప్రతి పెట్టెలోనూ కనీసం రెండు బ్యాండ్లుంటాయి. ఏ బ్యాండ్ మంచిది అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్నే సరైంది కాదు. ఏ పనికి ఏది అని అడగాలి.

2.4 అల కాస్త పొడవు, గోడల్ని దాటుకుని వెళ్తుంది. కాకపోతే దారి ఇరుకు. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఆ మూడింటినే చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ వాడాలి, బ్లూటూత్ అక్కడే తిరగాలి, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే గోల చేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో దారి వెడల్పు, వేగం ఎక్కువ, కానీ గోడకి తొందరగా లొంగిపోతుంది. వరంగల్ పాత ఇళ్లలో మూరెడు మందం రాతి గోడలుంటాయి కదా, రెండు గోడలు దాటేసరికి మస్తు నీరసపడిపోతుంది. 60 గిగాహెర్ట్జ్ వైఫై కూడా ఉంది, దాని ప్రమాణం 2012లో వచ్చింది. వేగం అద్భుతం, కానీ గది దాటదు. మధ్యలో మనిషి నిలబడ్డా తగ్గిపోతుంది.

మరి టౌన్‌హాల్‌లో గోడలెలా దాటాయని అడుగుతారేమో. అక్కడ జరగాల్సింది గంట ఒక్కసారి మోగడం. మన భాషలో ఒకే ఒక్క బిట్. అలలో కొద్దిపాటి శక్తి అవతలికి చేరినా ఆ పని అయిపోతుంది. సెకనుకి కోట్ల బిట్లు తప్పు లేకుండా చేరాల్సిన వీడియో కాల్ సంగతి వేరు.

మా ఇంట్లో నేను పెట్టుకున్న లెక్క ఇది. డాబా మీది కెమెరా, బోరు మోటారు స్మార్ట్ స్విచ్, బల్బులు ఇవన్నీ 2.4 మీద, వేరే పేరుతో. వీటికి వేగం అక్కర్లేదు, అందుబాటు కావాలి. పైగా ఇలాంటివి చాలావరకు 2.4 తప్ప ఇంకోటి పట్టవు. పేరు వేరుగా ఉంటే సెటప్ చేసేటప్పుడు ఫోన్ 5 మీద, బల్బు 2.4 మీద ఉండి ఒకదాన్నొకటి వెతుక్కునే తిప్పలు తప్పుతాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ 5 మీద. అన్నిటికంటే ముఖ్యమైంది పెట్టెకీ పెట్టెకీ మధ్య జరిగే మాట, బ్యాక్‌హాల్ అంటారు. ఫోన్‌తో మాట్లాడే రేడియోతోనే పక్క పెట్టెతోనూ మాట్లాడాల్సి వస్తే సమయం పంచుకోవాలి, ఒక్కో మజిలీకి వేగం దాదాపు సగమవుతుంది. అందుకే మూడు రేడియోలున్న పెట్టెల్లో ఒక బ్యాండ్‌ని బ్యాక్‌హాల్‌కే వదిలేస్తారు. కేబుల్ లాగే వీలుంటే అంతకంటే మంచిది లేదు. 

బోస్ నిప్పురవ్వని లోహపు పెట్టెలో మూసింది కూడా ఇందుకే. ఏ అల ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లాలి, పక్కదాని పనికి అడ్డు రాకూడదు.

మార్కోనీ దారి, బోస్ దారి

మార్కోనీకి కావాల్సింది దూరం. ఓడకీ తీరానికీ మధ్య, ఖండానికీ ఖండానికీ మధ్య కబురు వెళ్లాలి. దానికి పొడవైన అలలే సరైనవి, ఆయన వాటివైపే వెళ్లారు. 1901 డిసెంబర్ 12న అట్లాంటిక్ అవతల సంకేతం అందుకున్నానని ప్రకటించారు. 1909లో నోబెల్ వచ్చింది. బోస్‌కి కావాల్సింది ఈ అలల స్వభావం. కాంతి చేసే పనులన్నీ ఇవీ చేస్తాయా, స్ఫటికంలో ఎలా చీలతాయి, పదార్థం లోపల ఏమవుతాయి? దానికి పొట్టి అలలే సరైనవి. ఇద్దరూ తమ పనికి తగిన బ్యాండ్‌నే ఎంచుకున్నారు.

అయితే ఇద్దరి దారులూ ఒకచోట కలిశాయి. 1899లో బోస్ ఇనుము, పాదరసంతో చేసిన డిటెక్టర్ గురించి రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు. మార్కోనీ అట్లాంటిక్ ప్రయోగంలో వాడిన పాదరసం డిటెక్టర్ మూలం ఇదేనని 1998లో ఒక పరిశోధకుడు వివరంగా వాదించారు. ఆ వాదనలో బలముంది. కానీ ఒక డిటెక్టర్ మూలం బోస్‌ది అనడానికీ, రేడియో మొత్తం దొంగసొత్తు అనడానికీ చాలా తేడా ఉంది.

పేటెంట్ల విషయం కూడా చెప్పుకోవాలి. 1901లో లండన్‌లో ఒక వైర్‌లెస్ కంపెనీ యజమాని పేటెంట్ తీసుకుందాం, లాభం పంచుకుందాం అని వస్తే బోస్ ఒప్పుకోలేదు. జ్ఞానం అమ్ముకునేది కాదని ఆయన నమ్మకం. ఆయన మేలు కోరిన సారా బుల్, సిస్టర్ నివేదిత పట్టుబట్టడంతో గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్‌కి అమెరికాలో దరఖాస్తు పెట్టారు. 1904లో 755840 నంబరుతో పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ పరికరానికి వచ్చిన మొదటి పేటెంట్‌గా దాన్ని లెక్కిస్తారు. దానిమీద ఆయన డబ్బు చేసుకోలేదు. అది గొప్పతనమా, నష్టమా అని మన క్యాంటీన్‌లో వాదించుకోవచ్చు. నాకైతే రెండూ అనిపిస్తుంది. పేటెంట్ పట్టుకుని ఉంటే ఆ డబ్బుతో కలకత్తాలో ల్యాబ్ పదేళ్ల ముందే లేచేదేమో.

అలసిపోయే ఇనుము

మొక్కల్లోకి ఆయన వేరే దారిలో రాలేదు, ఈ డిటెక్టర్ల దారిలోనే వచ్చారు. ఎడతెరిపి లేకుండా వాడితే డిటెక్టర్ మందగిస్తుందని, కాసేపు వదిలేస్తే మళ్లీ కోలుకుంటుందని ఆయన గమనించారు. అచ్చం అలసిపోయిన కండరంలా. లోహం గీసిన గ్రాఫ్, కండరం గీసిన గ్రాఫ్ పక్కపక్కన పెట్టి 1900లో పారిస్ సభలో చూపించారు. అక్కడి నుంచి లోహానికీ జంతువుకీ మధ్య ఉన్న మొక్క దగ్గరికి వెళ్లారు. మొక్క ఎదుగుదలని వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు. జీవశాస్త్రవేత్తల నుంచి వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. ఆయన తీర్మానాల్లో కొన్ని ఆధారాలు మోయగలిగిన దానికంటే దూరం వెళ్లిన మాటా నిజమే. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు పరుగెడతాయన్న మూల విషయం మాత్రం నిలబడింది.

1917 నవంబర్ 30న తన పుట్టినరోజునే కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అదే ఏడాది సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. ఇంత చేస్తూ కూడా బెంగాలీలో రాయడం మానలేదు. 1896లో తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి ఒక కథ రాసి బహుమతి గెలుచుకున్నారు. సముద్రంలో వచ్చే తుఫానుని ఒక తలనూనె సీసా ఒంపి శాంతింపజేసే కథ అది, వెనకాల ఉన్నది తలతన్యత సూత్రం. బెంగాలీలో సైన్స్ ఫిక్షన్ తొలి కథల్లో దానికి చోటుంది. తర్వాత బంగీయ సాహిత్య పరిషత్తుకి అధ్యక్షుడిగానూ పనిచేశారు.

మార్కోనీ 1937 జూలైలో చనిపోతే ఆయన గౌరవార్థం రేడియో ప్రసారాలు రెండు నిమిషాలు ఆపేశారు. అదే ఏడాది నవంబర్ 23న గిరిడీలో బోస్ చనిపోయారు, 79 నిండటానికి వారం ముందు. ఆయన బ్యాండ్‌లో ఆపడానికి అప్పటికి ప్రసారాలే లేవు. కందిగింజంత అలతో ఏం చేసుకోవాలో లోకానికి ఇంకా తెలియదు.

తెలియడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో ఆరిజోనా కొండల మీది 12 మీటర్ల రేడియో టెలిస్కోప్ కోసం 1990ల్లో చేసిన రిసీవర్‌లో బోస్ 1897 నాటి ఆలోచనలు కొన్ని వాడుకున్నారు. 2012లో ఐఈఈఈ సంస్థ ఆయన మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలను మైలురాయిగా గుర్తించింది. 2022లో మన దేశంలో 5జీ వేలంలో అమ్మిన వాటిలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది, ఆ అల పొడవు 11.5 మిల్లీమీటర్లు. స్నానాలగది పక్క జాగాలో ఆయన కొలుస్తూ కూర్చున్న మేరలోనే ఉందది.

మైక్రోవేవ్ ల్యాబ్‌లో మనందరం చేసే ప్రయోగం ఒకటుంది. గన్ డయోడ్, దాని తర్వాత ఇత్తడి వేవ్‌గైడ్, చివర గరాటాలాంటి హార్న్. 3 సెంటీమీటర్ల అల. రీడింగులు రాసుకుని, వైవాకి రెండు డెఫినిషన్లు బట్టీపట్టి బయటపడతాం. ఈసారి ఆ బెంచీ దగ్గర నిలబడినప్పుడు హార్న్‌కీ డిటెక్టర్‌కీ మధ్య ఒక లావుపాటి పుస్తకం అడ్డం పెట్టి, పేజీలు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఉండేలా తిప్పి చూడండి. మీటర్‌లో ముల్లు ఎంత కదిలిందో రికార్డులో రాయక్కర్లేదు. తెలుగు పుస్తకమైతే మన క్లబ్బు అల్మారాలో కావలసినన్ని ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.